బి1 క్రియల పుస్తకాన్ని మీకు ఎందుకు ఇవ్వడం లేదంటే

మా కేంద్రంలో జర్మన్ భాష మొదటి రెండు స్థాయిలైన ఏ1, ఏ2 పూర్తిచేసి, ఆ పై స్థాయి బి1 తరగతుల కోసం ఎదురుచూస్తున్న విద్యార్థులకు, అందులోనూ జర్మనీ ఆసుపత్రుల్లో ఉద్యోగాలకు సిద్ధమవుతున్న నర్సులకు నమస్కారం. చేరేటప్పుడు మీకు ఇస్తామన్న తెలుగు-జర్మన్ క్రియల పుస్తకాన్ని, దానితోపాటు రావలసిన కార్డులను, ఆడియోను ఈ బ్యాచ్‌కు ఇవ్వడం లేదు. పుస్తకాలు అచ్చయి వచ్చాయి గాని తప్పులతో వచ్చాయి. కట్టలు కట్టలుగా మా ఆఫీసు గదిలోనే ఉన్నాయి. తరగతులు వచ్చే నెలకు వాయిదా పడటానికి కూడా కారణం అదే. ఫోన్ చేసినవారికి కౌంటర్‌లో "ప్రింటింగ్ సమస్య" అని చెప్పి ఊరుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇన్ని కోచింగ్ సెంటర్లు ఉండగా మా దగ్గరే చదువుకుని, ఆ తరువాత తమ్ముళ్ళను, చెల్లెళ్ళను కూడా తీసుకొచ్చి చేర్పించినవారికి ఆ ఒక్క ముక్క సరిపోదు. గొడవంతా ఒక్క క్రియ దగ్గర బయటపడింది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ఆ క్రియ అప్‌నేమెన్. విడిపోయే క్రియల్లో, అంటే మన తరగతిలో అందరూ సెపరబుల్ వెర్బ్స్ అనేవాటిలో, నర్సుకు ఇంతకన్నా పనికొచ్చేది మరొకటి లేదని నా అభిప్రాయం. ఇందులో 'అప్' అనేది క్రియకు ముందు చేరే ఉపసర్గ. రాసేటప్పుడు దాని చివర 'బ్' ఉంటుంది గాని పలికేటప్పుడు 'ప్' అవుతుంది. 'నేమెన్' అంటే తీసుకోవడం. రోగి మంచం పక్కన నిలబడి "ఇష్ నేమె ఈనెన్ యెట్స్ట్ బ్లూట్ అప్" అంటే "మీకు ఇప్పుడు రక్తం తీస్తాను" అని అర్థం. 'నేమె' వాక్యంలో రెండో స్థానంలో నిలబడింది, 'అప్' వెళ్ళి చిట్టచివర కూర్చుంది; ఎవరికి, ఎప్పుడు, ఏమిటి అన్నవన్నీ ఆ రెంటి మధ్య ఇమిడాయి. జర్మన్ వ్యాకరణంలో ఈ అమరికను జాట్స్‌క్లామర్ అంటారు, అంటే వాక్యానికి వేసిన బ్రాకెట్.

అయితే ఈ విడిపోవడం అన్నిచోట్లా ఉండదు. "రక్తం తీయవచ్చా?" అని అనుమతి అడిగేటప్పుడు "డార్ఫ్ ఇష్ ఈనెన్ బ్లూట్ అప్‌నేమెన్?" అని క్రియ చెక్కుచెదరకుండా చివర నిలుస్తుంది. 'వైల్', అంటే 'ఎందుకంటే' అనే మాటతో మొదలయ్యే ఉపవాక్యంలో రెండు ముక్కలూ మళ్ళీ కలిసిపోయి చివరికి వస్తాయి. పని అయిపోయిందని చెప్పేటప్పుడు 'గె' అనే అక్షరం ఉపసర్గకూ ధాతువుకూ నడుమ దూరి, ధాతువులోని అచ్చు కూడా మారి, 'అప్‌గెనొమెన్' అవుతుంది. డాక్టరు రక్తం తీయమన్నారని చెప్పే వాక్యంలో 'ట్సు' అనే చిన్న మాట అదే చోట దూరి 'అప్‌ట్సునేమెన్' అనే ఒకే పదంగా తయారవుతుంది. నామవాచకమైతే విడిపోయే ప్రసక్తే లేదు. రక్తం తీసే గది తలుపు మీద 'బ్లూట్‌అప్‌నామె' అని ఒకే ముక్కగా రాసి ఉంటుంది.

ఇక అర్థాల సంగతి. బరువు తగ్గడం కూడా అప్‌నేమెనే: "ఇష్ హాబె ఫ్యున్ఫ్ కీలో అప్‌గెనొమెన్" అంటే ఐదు కిలోలు తగ్గానని. చంద్రుడు తగ్గినా ఇదే మాట. మన కృష్ణపక్షపు చంద్రుణ్ణి వాళ్ళు 'అప్‌నేమెండర్ మోన్ట్' అంటారు, శుక్లపక్షమైతే 'ట్సూనేమెండర్'. మోగుతున్న ఫోను ఎవరూ ఎత్తకపోతే "నీమాన్ట్ నిమ్ట్ అప్". టోపీ తీయమనడానికీ ఇదే, పెద్దావిడ చేతిలోని సంచి అందుకుని మోయడానికీ ఇదే. "దాస్ నేమె ఇష్ డియ నిష్ట్ అప్" అంటే "నువ్వు చెప్పేది నేను నమ్మను" అని (ఈ వాక్యం ఈ నెలలో నాకు బాగా పనికొచ్చింది, ఎవరితో అన్నది కింద చెబుతాను). పరీక్ష విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: పరీక్షను అప్‌నేమెన్ చేసేది పరీక్షాధికారి, అభ్యర్థి చేసేది 'అప్‌లేగెన్'. ఇంగ్లీషులో 'టేక్ ఎగ్జామ్' అని ఆలోచించేవారు ఇక్కడ తప్పకుండా తడబడతారు.

ఇన్ని అర్థాలున్న క్రియను ఒక తెలుగు మాటకు కట్టేసి కంఠస్థం చేయించడం వృథా అని మేం మొదటి నుంచీ చెబుతున్నదే. అందుకే పుస్తకంలో ప్రతి క్రియకూ మూడు నాలుగు వాక్యాలు, వాటి పక్కన నోటితో పలికే మామూలు తెలుగు ఉండాలని పట్టుబట్టి, రాతప్రతి అంతా మా ఉపాధ్యాయులతో రాయించాను. నేర్చుకునేవారి నిఘంటువుల్లో ఉన్నట్లే, ఎక్కడ విడిపోతుందో కంటికి తెలియడానికి ఉపసర్గకూ క్రియకూ నడుమ ఒక నిలువు గీత పెట్టాం. ఆ ఫైలును పుస్తకం కూర్చి, కార్డులు, ఆడియో తయారుచేసి, అచ్చు వేయించి ఇచ్చే ఒక సంస్థ చేతిలో పెట్టాం. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను, అడిగినా చెప్పను.

వారి ప్రోగ్రాం నిలువు గీత కనబడిన ప్రతిచోటా కొత్త గడి మొదలైందని అనుకుంది. దాంతో 'అప్' ఒక గడిలో, 'నేమెన్' మరో గడిలో పడ్డాయి; వాటి పక్కన మేం రాసిన తెలుగు ఒక్కో గడి కుడివైపుకు జరుగుతూ పోయి, చివరికి చోటు లేక రాలిపోయింది. ఖాళీ పడ్డ చోట ఏం చేయాలని మమ్మల్ని అడగవలసింది పోయి, ఎక్కడినుంచో ఇంగ్లీషు అర్థాలు తెచ్చి, వాటిని యంత్రంతో తెలుగు చేయించి నింపారు. అప్‌నేమెన్‌కు దొరికిన ఇంగ్లీషు అర్థం 'టేకాఫ్'. ఇక ఆ కార్డు చూడండి: ఒక వైపు ముచ్చటైన నీలిరంగు అక్షరాల్లో అప్‌నేమెన్, రెండో వైపు 'ఎగురుట', దాని కింద ఉదాహరణగా "నేను ఐదు కిలోలు ఎగిరాను". 'అప్' పేరుతో వేరే కార్డు, అర్థం 'నుండి'. టీవీ చూడటాన్ని చెప్పే 'ఫెర్న్‌జేయెన్' కూడా రెండు కార్డులైంది: 'దూరం' ఒకటి, 'చూచుట' ఒకటి. విడిపోయే క్రియల అధ్యాయం మొత్తం, అంటే ఏ అధ్యాయం కోసం ఈ పుస్తకం తలపెట్టామో అదంతా, ఇలాగే ఉంది.

ఆడియో మరీ అన్యాయం. విడిపోయే క్రియల్లో ఊనిక, అంటే గట్టిగా నొక్కి పలకడం, ఉపసర్గ మీద పడుతుంది. చెవితో గుర్తుపట్టడానికి అంతకన్నా నమ్మదగిన ఆనవాలు లేదు. 'ఉమ్‌ఫారెన్' అనే క్రియలో 'ఉమ్' మీద ఊనితే బండితో గుద్ది పడగొట్టడం, అప్పుడది విడిపోతుంది. 'ఫా' మీద ఊనితే చుట్టూ తిరిగి తప్పుకుని పోవడం, అప్పుడు విడిపోదు. రాతలో రెండూ ఒకటే. మనిషి గొంతుతో రికార్డు చేయించి ఇస్తామన్నవారు యంత్రపు గొంతుతో ముగించారు; రెండు కార్డులకూ ఒకే శబ్దం పెట్టారు. మనిషిని గుద్దడానికీ తప్పించడానికీ తేడా తెలియని ఆడియోను జర్మనీలో రోడ్డు మీద నడవబోయేవారికి ఎలా ఇవ్వమంటారు?

ప్రూఫులు చూసుకోలేదా అని కొందరు అడిగారు. మాకు పంపినవి మొదటి అధ్యాయపు పేజీలు మాత్రమే, వాటిలో విడిపోయే క్రియలు లేవు. మిగతావి పంపమని మేం అడుగుతూనే ఉన్నాం, వారు రేపు, ఎల్లుండి అంటూనే ఉన్నారు. ఈలోపు పుస్తకాలే ఆటో ట్రాలీలో మా గుమ్మం ముందు దిగాయి. ప్రూఫులు మెయిల్‌లో పంపామని, మేమే చూసుకోలేదని ఆ తరువాత చెప్పారు. పైన చెప్పిన జర్మన్ వాక్యం వాడింది అప్పుడే.

ఆ తరువాత ఏం చేయాలన్న దాని మీద నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. మా ఉపాధ్యాయులు ఇచ్చిన సలహా తీసిపారేయదగ్గది కాదు: తప్పొప్పుల పట్టిక ఒకటి వేసి పుస్తకంలో పెట్టి ఇచ్చేద్దాం, మిగతా అధ్యాయాలు బాగానే ఉన్నాయి, డబ్బు వృథా కాదు, బ్యాచ్ ఆగదు అన్నారు. లెక్క ప్రకారం వారు చెప్పిందే సబబు. ఈ పుస్తకం మీద పెట్టినది ఈ ఏడాది మా మిగులులో పెద్ద భాగం. అయినా నేను ఒప్పుకోలేకపోయాను. తప్పొప్పుల పట్టికను ఎవరూ చదవరు. కార్డును మాత్రం బస్సులో, నైట్ డ్యూటీ మధ్యలో, నిద్రకళ్ళతో పదేపదే తిప్పుతారు. అలా ఒకసారి తలకెక్కిన తప్పుడు అర్థాన్ని దింపడం కొత్తది నేర్పడంకన్నా కష్టం. పరీక్ష హాలులో ఆగి ఆలోచించుకునే వ్యవధి కూడా దొరకదు. గోథె ఇన్‌స్టిట్యూట్ వారి బి1 పరీక్ష 2013 నుంచి నాలుగు విడి మాడ్యూళ్ళుగా నడుస్తోంది, ఒక్కోదానిలో నూటికి 60 రావాలి. వినే మాడ్యూల్ సుమారు 40 నిమిషాలు, అందులో కొన్ని భాగాలను ఒక్కసారే వినిపిస్తారు. 'నేమెన్' రూపమైన 'నిమ్ట్' వినగానే 'తీసుకుంటాడు' అని గుర్తు పెట్టేసుకున్న అభ్యర్థికి చివర వచ్చే 'అప్' వినబడేసరికి తరువాతి ప్రశ్న మొదలై ఉంటుంది.

సరఫరాదారు చివరగా ఒక ప్రతిపాదన పెట్టారు: తెలుగు తీసేసి ఇంగ్లీషు అర్థాలతో సగం ధరకే మళ్ళీ వేసి ఇస్తామని. "మీ పిల్లలకు కావలసింది సర్టిఫికెట్టే కదా సార్, తెలుగు ఎవరు చదువుతారు" అన్నారు. డబ్బు నష్టంకన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఈ మాట. ఖమ్మం నుంచి, కాకినాడ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటూ చదువుకునే మా విద్యార్థులు నర్సింగ్ ఇంగ్లీషులో చదివారు, నిజమే. కాని మంచం మీద ఉన్న మనిషితో మాట్లాడటం వారు నేర్చుకున్నది తెలుగులోనే. ఇంగ్లీషు మీదుగా వెళ్ళిన విద్యార్థి "మీ రక్తం" అనుకుని 'ఈయ బ్లూట్' అని రాస్తాడు. తెలుగులోంచి నేరుగా వెళ్ళినవాడికి "మీకు రక్తం తీస్తాను" అన్న వాక్యంలోని 'మీకు' చేయి పట్టుకుని 'ఈనెన్' దగ్గరికి తీసుకుపోతుంది. ఉపవాక్యంలో క్రియ చివరికి రావడమూ మనకు కొత్త కాదు. 'చేస్తాను' అంటారో 'చేయను' అంటారో తెలియడానికి వాక్యం చివరిదాకా ఆగి వినడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. చివర వచ్చే 'అప్' కోసం ఆగడం నేర్పవలసిన పని మా విద్యార్థులకు సగం ముందే అయిపోయి ఉంటుంది. ఈ సౌలభ్యాన్ని సగం ధర కోసం వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను. మొండితనం అంటారా, అనండి.

కాబట్టి ఈ బ్యాచ్ జరిగేది ఇలా. విడిపోయే క్రియల పాఠాలను మా రాతప్రతి నుంచి జిరాక్స్ తీసి వారం వారం కాగితాలుగా ఇస్తాం. అచ్చుపుస్తకమంత అందంగా ఉండవు, అక్కడక్కడా చేతిరాత ఉంటుంది. ఆడియో మా ఉపాధ్యాయులే స్వయంగా చదివి వాట్సాప్ గ్రూపులో పెడతారు. పుస్తకం కోసం విడిగా తీసుకున్న మొత్తాన్ని ఫీజు చివరి వాయిదాలో తగ్గిస్తాం, ఫీజు మాత్రం పెంచం. పరీక్ష తేదీ ఇప్పటికే ఖాయం చేసుకున్నవారు కౌంటర్‌లో చెబితే, వాయిదా వల్ల పోయిన తరగతులను ఆదివారాల్లో నడుపుతాం. ఆగలేక మరోచోట చేరదలచుకున్నవారికి కట్టిన డబ్బు మొత్తం తిరిగి ఇస్తాం. వెళ్ళేవారి మీద నాకు ఏ మనస్తాపమూ ఉండదని రాయాలని ఉంది గాని, కొంచెం ఉంటుంది. కొత్తగా అచ్చు ఎవరికి అప్పగించాలన్నది ఇంకా తేల్చుకోలేదు. ప్రతి అధ్యాయపు ప్రూఫూ నా బల్ల మీదికి కాగితం రూపంలో రానిదే అచ్చుకు వెళ్ళదన్నది మాత్రం తేలిపోయింది.

ఒక మనవి. సరఫరాదారు మనుషులు పుస్తకాలు దించిన రోజున మెట్ల దగ్గర కనబడిన కొందరు ఏ2 విద్యార్థులకు నమూనా కార్డుల పెట్టెలు చేతిలో పెట్టారని తెలిసింది. మీ దగ్గర ఆ నీలిరంగు పెట్టె ఉంటే, దానితో చదవకుండా, ఇతరులకు ఫోటోలు పంపకుండా కౌంటర్‌లో ఇచ్చేయండి. బదులుగా అప్‌నేమెన్ కాగితం మొదటి విడతగా అప్పుడే ఇస్తారు. తరగతులు మొదలయ్యేలోపు అందులోని వాక్యాలను 'అప్' మీద ఊని పైకి చదువుతూ ఉండండి.