టేలర్ పుస్తకాలు రెండు తెలుగులో కావాలి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. విగ్రహం పెట్టమనో, రోడ్డుకు పేరు పెట్టమనో ఈ ఉత్తరం రాయడం లేదు. రెండు పుస్తకాల కోసం రాస్తున్నాను.

ఫిలిప్ మెడోస్ టేలర్ పేరు మీరు వినే ఉంటారు. విన్నవాళ్లలో చాలామందికి ఆయన 1839లో థగ్గుల (బాటసారుల్ని చంపి దోచుకునే ముఠాల) నవల రాసిన దొర, అంతే. ఆ ఒక్క నవల కింద మిగతా మనిషంతా మరుగున పడిపోయాడు.

1808లో లివర్‌పూల్‌లో పుట్టాడు. పదిహేనేళ్లకే బొంబాయిలో ఒక వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరదామని ఓడెక్కాడు. తీరా వచ్చి చూస్తే ఆ వ్యాపారమే మునిగేట్టుంది. దాంతో 1824లో నిజాం కొలువులో చేరాడు. 1860 దాకా ఆయన ఉద్యోగమంతా దక్కన్‌లోనే. హైదరాబాద్ బ్యాంకరు విలియం పామర్ కూతుర్ని పెళ్లాడాడు. పామర్ తల్లి ఫైజ్ బక్ష్ బేగం. దొర అన్నమాటే గానీ అత్తారిల్లు మన ఊరిదే!

రిటైరయ్యాక డబ్లిన్ దగ్గర హెరాల్డ్స్ క్రాస్‌లో స్థిరపడ్డాడు. ఐర్లండ్‌లో ఉన్నా మనసు మాత్రం ఇక్కడే ఉండిపోయినట్టుంది. 1657, 1757, 1857... ఈ మూడు సంవత్సరాల చుట్టూ మూడు నవలలు అల్లాడు. మొదటిది ‘తార’. తుల్జాపూర్, బీజాపూర్ అందులో కళ్లకు కడతాయి. మనం రాకాసి గుళ్లు అనే పాత సమాధుల్ని సురపురం ప్రాంతంలో తవ్వి చూసి, రాయల్ ఐరిష్ అకాడమీ సంచికలో వ్యాసం కూడా రాశాడు.

నేను చెప్పాలనుకున్న అసలు సంగతి సురపురంది. ఇప్పుడది కర్ణాటకలో ఉంది. అప్పట్లో నిజాం కింద చిన్న సంస్థానం. రాజు వెంకటప్ప నాయకుడు పసివాడు కావడంతో 1841 నుంచి పాలన టేలర్ చూశాడు. ఆ పిల్లాడు ఆయన్ని ‘అప్పా’ అని పిలిచేవాడు. 1858లో అదే రాజు ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడి, ఓడి, హైదరాబాద్‌లో దొరికిపోయాడు. సికింద్రాబాద్‌లో కాపలాలో ఉన్నప్పుడు టేలర్ వెళ్లి కలిశాడు. మరణశిక్ష చివరికి నాలుగేళ్ల ఖైదుగా తగ్గింది. కానీ చెంగల్పట్టు వైపు తీసుకెళ్తుండగా, వెంట ఉన్న అధికారి పిస్తోలు పేలి రాజు పోయాడు. కావాలని కాల్చుకున్నాడా, చెయ్యి జారిందా అన్నది తేలలేదు. టేలర్ తన జీవితకథలో ఇదంతా రాశాడు. చదివితే గొంతు పట్టేస్తుంది. అయినా నాకొక సందేహం పోదు: తండ్రిలా పెంచానంటున్న ఈయన ఎవరి తరఫున ఉద్యోగం చేస్తున్నట్టు? సురపురం వాళ్లకు వెంకటప్ప నాయకుడు స్వాతంత్ర్య యోధుడు. థగ్గుల నవల కూడా అంతే. దారులన్నీ దోపిడీగాళ్లే, కంపెనీ వచ్చి కాపాడిందన్న కథకు అది బాగా పనికొచ్చింది.

అందుకే ఆయన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. చదువుకోనివ్వండి అంటున్నాను. నేను వెళ్లిన రెండు గ్రంథాలయాల్లో ఆయన జీవితకథ తెలుగులో అడిగితే “టేలర్ అంటే కుట్టు పనా సార్?” అన్నారు. తప్పు వాళ్లది కాదు.

‘తార’, ఆ జీవితకథ, ఈ రెండూ మీ శాఖ తరఫున తెలుగులో తేవాలి. కాపీరైటు టెన్షన్ లేదు, ఆయన 1876లోనే పోయాడు. చూపు పోయాక కూడా 1875లో హైదరాబాద్ వచ్చి, జ్వరంతో తిరిగి వెళ్తూ ఫ్రాన్స్‌లోని మెంతోన్‌లో కన్నుమూశాడు. అనువాదం మాత్రం దక్కన్ ఊళ్ల పేర్లు, ఉర్దూ, మరాఠీ మాటలు తెలిసినవాళ్లకు అప్పగించండి. ఇంగ్లిష్ స్పెల్లింగు చూసి సురపురాన్ని ‘షోరాపూర్’ అని రాసేవాళ్లకు వద్దు. ముందుమాట సురపురం చరిత్ర తెలిసిన కన్నడ పరిశోధకులతో రాయించండి. ధర విద్యార్థి కొనగలిగేలా ఉండాలి, జిల్లా గ్రంథాలయాలన్నింటికీ ఒక్కో ప్రతి వెళ్లాలి.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకుడు