జైసల్మేర్ వెళితే ఒక్క రాత్రికే తిరిగి రాకండి

సంపాదకుల గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జైసల్మేర్ మీద వచ్చిన రెండు పేజీలు చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ అది చదివితే ఎవరికైనా ఏమనిపిస్తుందంటే, పొద్దున రైలు దిగి, కోట ముందు ఫొటో తీసుకుని, సాయంత్రం సామ్ ఇసుక దిబ్బల్లో ఒంటె ఎక్కి, రాత్రి టెంట్‌లో పడుకుని లేస్తే జైసల్మేర్ అయిపోయినట్టే అని. మేమూ సరిగ్గా అదే ప్లాన్ వేసుకుని వెళ్లాం, పోయిన డిసెంబర్‌లో, నేను, మా ఆయన, డెబ్బై దాటిన మా అత్తగారు. తిరుగు టికెట్ వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయి నాలుగు రోజులు ఉండాల్సి వచ్చింది. అది మా అదృష్టం.

ముందు ఆ టెంట్ సంగతి చెప్పేస్తాను. సామ్ అనేది జైసల్మేర్ ఊరి నుంచి 40 కిలోమీటర్లు. ఎడారిలో నిశ్శబ్దం, నక్షత్రాలు అని చెప్పి డబ్బు కట్టించుకున్న క్యాంపులో అర్ధరాత్రి దాకా డీజే, పక్క క్యాంపులో అంతకంటే పెద్ద డీజే, జీపుల రొద. జానపద సంగీతం అని అరగంట పాడించి, తర్వాత సినిమా పాటలు పెట్టేశారు. నిజంగా దిబ్బలే చూడాలనుకుంటే ఖూడీ వైపు వెళ్లండి, అక్కడ కాస్త ప్రశాంతం. ఆ పాడేవాళ్లు మాంగణియార్లు. ముస్లింలు, కానీ తరతరాలుగా హిందూ ఇళ్లలో పెళ్లికీ పుట్టుకకీ పాడేది వీళ్లే. మర్నాడు కోట వాకిట్లో ఒక పెద్దాయన కమాయచా వాయిస్తూ కూర్చుంటే, మేం మెట్ల మీదే గంటసేపు కూలబడ్డాం. డీజే లేకపోతే ఆ కమాను వాయిద్యం ఎంత లోతుగా పలుకుతుందో!

ఇక కోట. 1156లో రావల్ జైసల్ కట్టించాడు, పసుపు ఇసుకరాయి, 99 బురుజులు, 2013లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఇవన్నీ మీరూ రాశారు. రాయనిది ఏమిటంటే, ఆ కోట నీళ్లకి దెబ్బతింటోంది. ఎడారిలో నీళ్లేమిటి అంటారేమో. కోటలో ఇప్పటికీ వేలమంది కాపురాలుంటున్నారు. పూర్వం కింద నుంచి బిందెలతో మోసుకున్న నీళ్లు కాబట్టి చుక్క చుక్క చూసి వాడేవారు. పైపులు వచ్చాక, పాత ఇళ్లు హోటళ్లయ్యాక, రోజూ స్నానాల నీళ్లూ డ్రైనేజీ నీళ్లూ కొండలోని మెత్తటి రాతిలోకి ఇంకుతూ వచ్చాయి, కొన్ని బురుజులు కూలాయి కూడా. అందుకని దయచేసి 'కోటలోపల బస చేయండి' అని సలహా ఇవ్వకండి. పైగా కోటలో ఉంటే కోట ఎక్కడ కనిపిస్తుంది? బయట ఏ చిన్న లాడ్జి మేడ మీద నుంచైనా సాయంత్రం ఎండలో చూడండి, మొత్తం బంగారం రంగు తిరుగుతుంది.

జైన దేవాలయాలకు మాత్రం పొద్దున్నే వెళ్లాలి. తోలు బెల్టు, పర్సు లోపలికి రానివ్వరు, మా ఆయన ప్యాంటు పట్టుకుని నడిచారు. హవేలీల్లో, అంటే పాతకాలపు పెద్ద మేడల్లో, పట్వాలది చూడమని అందరూ చెబుతారు. నాకు నథ్‌మల్ హవేలీ నచ్చింది. అన్నదమ్ములిద్దరు కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు చెక్కారట. దూరం నుంచి రెండు వైపులా ఒకటే అనిపిస్తాయి, దగ్గరికెళితే ఏదీ ఒకటి కాదు.

గడిసర్ చెరువు దగ్గర పడవ ఎక్కి దిగిపోకుండా కాసేపు కూర్చోండి. కాలువ నీళ్లు రాకముందు ఊరంతటికీ ఆ వాననీటి చెరువే ఆధారం. అక్కడ ఏడాదికి పడేది 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మా సీమలో కరువు కరువు అంటాం గానీ, మాకు పడేది అంతకంటే చాలా ఎక్కువ. అంత తక్కువ వానలో పాలీవాల్ బ్రాహ్మణులు గోధుమ పండించారు! ఎలాగంటే, పల్లపు చోట అడ్డంగా పెద్ద మట్టికట్ట వేస్తారు. చుట్టూ రాతినేల మీద పడిన వాన జారి వచ్చి కట్ట వెనక నిలుస్తుంది, మెల్లగా నేలలోకి ఇంకుతుంది, ఆ తడిమీద చలికాలంలో గోధుమ, శనగ చల్లుతారు. మళ్లీ నీళ్లు పెట్టేపని లేదు. దాన్ని ఖడీన్ అంటారు, ఇప్పటికీ ఉన్నాయి. మీ వ్యాసంలో ఆ పాలీవాల్‌ల ఊరు కుల్‌ధరాని 'దయ్యాల ఊరు' అని ఒక్క ముక్కతో తేల్చేశారు. దివాన్ వేధింపులు భరించలేక ఊళ్లకు ఊళ్లు ఒక్క రాత్రిలో ఖాళీ చేశారని చెప్పుకుంటారు, నీళ్లు తగ్గిపోయి వెళ్లారనే వాదనా ఉంది. దయ్యం మాకైతే కనపడలేదు. తిన్నగా గీత గీసినట్టున్న వీధులు కనపడ్డాయి.

ఆ దారిలోనే మా అత్తగారు కారు ఆపించి, 'ఇది మన జమ్మి కదే' అని దిగి ఒక చెట్టుకి దణ్ణం పెట్టారు. నిజంగానే జమ్మి! అక్కడ ఖేజ్రీ అంటారు, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం, తెలంగాణకీ అదే. హోటల్లో మేం రెండు రోజులుగా ఇష్టంగా తింటున్న కేర్ సాంగ్రీ కూరలో సాంగ్రీ అంటే ఈ జమ్మికాయలేనని తెలిసి ఆమె నోరు తెరిచారు. దసరాకి ఆకు పంచుకోవడమే తప్ప కాయ వండుకోవచ్చని మనకెవరు చెప్పారు?

సరిహద్దు వైపు తనోత్ మాత గుడి 120 కిలోమీటర్లు. 1965 యుద్ధంలో గుడి చుట్టూ పడి పేలని బాంబులు లోపలే పెట్టి ఉంచారు, పూజలు చూసేది బీఎస్ఎఫ్ జవాన్లే. 1971లో పాకిస్తాన్‌తో పోరు జరిగిన లొంగేవాలా కూడా ఆ చుట్టులోనే వస్తుంది. 1971 డిసెంబర్ 4 రాత్రి మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి, దాదాపు 120 మంది సైనికులతో పాకిస్తాన్ ట్యాంకుల దండుని తెల్లారేదాకా ఆపారు. మన హంటర్ విమానాలకి రాత్రి ఎగిరి కొట్టే వీలు లేదు. వెలుగు రాగానే జైసల్మేర్ నుంచి వచ్చి, ఇసుకలో కూరుకుపోయిన ట్యాంకుల్ని ఒక్కొక్కటిగా కొట్టాయి. ఆ ఇసుకలో మీరే పది అడుగులు పరిగెత్తి చూడండి, అర్థమవుతుంది. పొద్దున్నే బయల్దేరండి, గుర్తింపు కార్డు, నీళ్లు ఉంచుకోండి. రామ్‌గఢ్ దాటాక పెద్ద ఊరేమీ లేదు. ఎండాకాలం మాత్రం ఈ పని పెట్టుకోకండి.

చివరికొక మాట. మా జిల్లాలో రోళ్లపాడు అభయారణ్యం పెట్టింది బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం, ఇప్పుడు అక్కడికెళితే పిట్ట కనపడదు. దేశం మొత్తం మీద రెండు వందలు కూడా లేవు, ఉన్నవాటిలో ఎక్కువ జైసల్మేర్ గడ్డి మైదానాల్లోనే. బరువైన పిట్ట, దానికి ఎదురుగా ఉన్నది సరిగా కనపడదు, గాలిమరలూ సోలార్ ప్లాంట్ల కరెంటు తీగలకి తగిలి చనిపోతోంది. ఎడారి జాతీయ పార్కులో గైడు బైనాక్యులర్ ఇచ్చి చూపిస్తే ఒక్కటంటే ఒక్కటి, తలెత్తి నడుస్తూ, మూడు నిమిషాలు కనపడి గడ్డిలోకి వెళ్లిపోయింది. మీ రెండు పేజీల్లో దాని పేరు లేదు. మా ఆయన ఫొటో తీశారు, అందులో గడ్డి తప్ప ఏమీ లేదు, వేస్తానంటే పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, నంద్యాల