ఇవాళ్టి కొలతలకే చొక్కా

చి. వంశీకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా.

వ్యాయామం మొదలుపెట్టావని, తిండి కూడా చూసుకుని తింటున్నావని అమ్మ చెప్పింది. నాకు చెప్పొద్దన్నావట. మీ అమ్మ నోట్లో నువ్వుగింజ నానదని నీకు బాగా తెలుసు కాబట్టి, నాకు చేరాలనే ఆమెకు చెప్పావని అనుకుంటున్నాను. ఫోన్‌లో అయితే రెండో మాటకే "సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. అంతా ఒకేసారి చదవక్కర్లేదు, వీలున్నప్పుడు చూసుకో.

ఎన్ని కిలోలు తగ్గావని నేను అడగను. ఇప్పుడూ అడగను, ఇంటికి వచ్చినప్పుడూ అడగను. గుమ్మంలో చూడగానే "చిక్కావురా" అనో, "అలాగే ఉన్నావే" అనో అనను. ఆ రెండు మాటలూ నీకెంత విసుగో తెలుసు. నీ అంతట నువ్వు చెబితే మాత్రం వింటాను.

నువ్వు మొదలుపెట్టావని తెలిశాక ఖాళీ దొరికినప్పుడల్లా నేను ఈ విషయమే చదువుతున్నాను. మన టైలరింగ్ షాపుకు వచ్చే డాక్టరు గారొకరిని, పాపం ఆయన బట్టల కోసం వచ్చారని కూడా మర్చిపోయి, కూర్చోబెట్టి బోలెడు ప్రశ్నలు వేశాను. నీకు పనికొస్తాయనిపించినవే చెబుతాను.

మొదటి వారం మెషీన్ ఎక్కితే ఒకటి రెండు కిలోలు తగ్గినట్టు చూపించి ఉంటుంది. అది కొవ్వు కాదు, ఎక్కువగా నీళ్లే. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుందట. దాని ప్రతి గ్రామూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, నీళ్లు పోతాయి. తర్వాత మెషీన్ మొండికేస్తుంది. చాలామంది "నా వల్ల కాదు" అని వదిలేసేది సరిగ్గా అక్కడే. లెక్క చూడు. కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయి. రోజుకు 500 తక్కువ తిన్నా అది కరగడానికి రెండు వారాల పైనే పడుతుంది. ఈలోపు ఒక పూట ఉప్పు ఎక్కువ తింటే చాలు, నీళ్లు చేరి తెల్లారేసరికి కిలో పెరిగినట్టు చూపిస్తుంది. రోజూ మెషీన్ ఎక్కి దిగి టెన్షన్ పడొద్దు.

నీకు బీఎంఐ లెక్క కూడా ఎవరో చెప్పే ఉంటారు. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తును ఎత్తుతోనే గుణిస్తే వచ్చినదానితో భాగించడం. దాన్ని కనిపెట్టింది డాక్టరు కాదు. 1830లలో కెట్లే అనే బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు, జనాభా మొత్తంలో సగటు మనిషి ఎలా ఉంటాడో చూద్దామని వేసిన లెక్క అది. అందులో ఛాతీ లేదు, నడుము లేదు, భుజం లేదు. ఆ రెండు అంకెలూ ఇచ్చి చొక్కా కుట్టమంటే ఏ టైలరూ కుట్టలేడు. డాక్టర్లు వాడుతున్నారు కాబట్టి కొట్టిపారెయ్యను గానీ, ఒంట్లో కండ ఎంతో కొవ్వు ఎంతో దానికి తెలియదు. మా డాక్టరు గారు టేపు కూడా పట్టుకోమన్నారు. ఆ మాట వినగానే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది! నడుము చుట్టుకొలత ఎత్తులో సగం లోపు ఉంటే మంచిదట. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యలో టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. నెలకొకసారి చాలు. కొవ్వు తగ్గుతూ కండ పెరుగుతుంటే బరువు కదలకపోయినా నడుము దిగుతుంది.

ఆ లెక్కకు 1972లో బీఎంఐ అని పేరు పెట్టినాయన యాన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఆయనే ఇంకో పని చేశాడు. అది చదివి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. యుద్ధంలో ఆకలికి చిక్కిపోయినవాళ్లను మళ్లీ మామూలు మనుషుల్ని చేయడం ఎలాగో తెలుసుకోవాలని, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకు ఆరు నెలల పాటు అర్ధాకలి తిండి పెట్టాడు. అందరూ ఇష్టపడి వచ్చినవాళ్లే. వాళ్ల బరువు దాదాపు నాలుగో వంతు పడిపోయింది. నన్ను ఆపేసింది ఆ సంగతి కాదు. వాళ్లకు తిండి తప్ప ఇంకో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివారు. చిన్నదానికే చిరాకు, దిగులు. స్నేహితులతో మాట్లాడటం కూడా తగ్గిపోయింది. ఆ ప్రయోగానికి ముందు వాళ్లు నిబ్బరమైన మనుషులేరా. వాళ్లకిచ్చిన తిండి రోజుకు దాదాపు 1570 కేలరీలు. ఇప్పుడు ఫోన్లలో తిరిగే డైట్ చార్టులు కొన్ని అంతకంటే తక్కువ తినమంటున్నాయి.

కాబట్టి కడుపు మాడ్చుకోకు. పగలంతా పస్తుండి, రాత్రి చేతికందింది తినేసి, తర్వాత "నాకు పట్టుదల లేదు" అని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు. అది పట్టుదల లోపం కాదు, ఆకలి. వారానికి అరకిలో నుంచి కిలో తగ్గితే చాలు. అంతకంటే వేగంగా తగ్గితే కండ కూడా పోతుంది, పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నువ్వు ఎన్ని కిలోలు అనుకున్నావో నాకు తెలియదు గానీ, ఉన్న బరువులో 5 శాతం తగ్గినా బీపీ, షుగర్ మెరుగుపడతాయని డాక్టరు గారన్నారు. వంద కిలోల మనిషికి అది ఐదు కిలోలే. అద్దంలో పెద్ద తేడా కనపడదు, లోపల కనపడుతుంది.

తిండి గురించి మీ అమ్మ ఎలాగూ వదిలిపెట్టదు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. తీపి డ్రింకులు ముందు మానెయ్. ప్రతి పూటా మాంసకృత్తులు ఉండేలా చూసుకో, కూరగాయలు ఎక్కువ తిను. అర్ధరాత్రి దాకా ఫోన్ చూడకు. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, ఇది పెద్దల చాదస్తం కాదు, పరిశోధనల్లో తేలిందే. కొవ్వు కరిగించే పౌడర్లు, మాత్రలు అని ఎవరైనా అంటగడితే తీసుకోకు. ఒకసారి థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించు. మందులో ఇంజెక్షనో అవసరమైతే ఆ మాట డాక్టరు చెప్పాలి, జిమ్‌లో పక్కవాడు కాదు.

వ్యాయామం వారానికి 150 నుంచి 300 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా నడిచినా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలట. ఆ రెండు రోజులు మాత్రం మానకు. పొట్ట ఒక్కటే తగ్గించే వ్యాయామం అంటూ ఏదీ లేదు. మధ్యలో ఒకరోజు తప్పితే "ఇక అయిపోయింది" అనుకోవద్దు. అలవాటు ఎలా కుదురుతుందో లండన్‌లో కొందరి మీద చూశారు, 2010లో అచ్చయింది. ఒక అలవాటు కుదురుకోవడానికి ఒకరికి 18 రోజులు పడితే, ఇంకొకరికి 254 పడతాయని లెక్క తేలింది. సగటున 66. మధ్యలో ఒకరోజు తప్పినవాళ్లకు పెద్ద నష్టమేమీ జరగలేదు. ఇరవయ్యొక్క రోజుల్లో అలవాటైపోతుందని చెప్పేవాళ్ల మాట నమ్మి, ఇరవై రెండో రోజు బద్ధకం వేసిందని బాధపడకు.

ఇక అసలు సంగతి. వచ్చే నెల ఇంటర్వ్యూకి వెళ్లనని, కాస్త తగ్గాక చూస్తానని అన్నావట. ఈ కబురూ అమ్మదే.

నా షాపులో అలమారా అడుగు అర నువ్వు చూశావు కదా. అందులో ఉన్న గుడ్డలన్నీ "ఇప్పుడొద్దు మాస్టారూ, ఒళ్లు తగ్గాక కుట్టించుకుంటా" అని ఇచ్చి వెళ్లినవే. వాళ్లలో కొందరు నిజంగానే తగ్గారు. తగ్గి వచ్చి, "ఇంకొంచెం తగ్గనివ్వండి" అన్నారు. బరువు దిగినా, ఆ బట్ట వేసుకుని నలుగురిలో తిరగొచ్చన్న నమ్మకం వాళ్లకు రాలేదు. నువ్వు ఫొటోలకు పిలిస్తే వెనక వరసలోకి జరుగుతావు. ఒక సైజు పెద్ద చొక్కా అడుగుతావు. కాలేజీలో ఎవరో ఏదో అన్నాక పాడటం మానేశావు. ఇవన్నీ కిలోలు దిగగానే వాటంతటవే తిరిగొస్తాయని నువ్వు లెక్కేసుకుంటున్నావు. నాకు అలా అనిపించడం లేదు. పాడటం పాడితేనే వస్తుంది. నలుగురి ముందు మాట్లాడటమూ అంతే. ఆల్బర్ట్ బాండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లోనే రాశాడు, 'నేను చేయగలను' అనే నమ్మకానికి అన్నిటికంటే గట్టి ఆధారం తాను చేసి చూసిన పనులేనని. నువ్వు జిమ్‌కి వెళ్లిన మొదటి రోజు అక్కడున్న ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్లను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయి, మళ్లీ లోపలికి వెళ్లావట. నాకు కావలసింది ఆ వంశీయే. వాడు ఇప్పుడే ఇంటర్వ్యూకి వెళ్లగలడు.

అందరూ నన్నే చూస్తారు అంటావు. దీని మీద ఒక ప్రయోగం ఉంది, అందులోనూ చొక్కా ఉంది కాబట్టి నాకు ఇంకా బాగా నచ్చింది. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక విద్యార్థికి, వేసుకుంటే నామోషీగా అనిపించే గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటి విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపించారు. ఇలా ఒకరి తర్వాత ఒకర్ని. ఆ బొమ్మ ఎవరిదో ఎంతమంది గమనించి ఉంటారని అడిగితే, దాదాపు సగం మంది అన్నారు వేసుకున్నవాళ్లు. నిజానికి గమనించింది పావు వంతే. మిగతావాళ్లకు ఎవరి గొడవ వాళ్లది.

ఎవరూ చూడరని, ఎవరూ ఏమీ అనరని నేను చెప్పను. అనేవాళ్లు ఉంటారు. ఒళ్లు చూసి మనిషికి క్రమశిక్షణ లేదని తేల్చేసే ఆఫీసులూ ఉంటాయి. అలాంటివాళ్లు నిన్ను వద్దంటే అది నీ తప్పని మాత్రం ఇంటికి మోసుకురాకు. ఇన్నేళ్లుగా టేపు పట్టుకుని నిలబడినవాణ్ణి, నాకు కనిపించింది చెబుతాను. రెండు భుజాలూ సమానంగా ఉన్న మనిషి అరుదు. వీధిలో అందరూ తల తిప్పి చూసే అందగాడు కూడా ట్రయల్ గదిలో గొంతు తగ్గించి, "మాస్టారూ, ఇక్కడ కాస్త తెలియకుండా చూడండి" అంటాడు. ఒకరికి మెడ, ఒకరికి వీపు, ఒకరికి సన్నటి చేతులు. నీకు పొట్ట.

ఆ ఇంటర్వ్యూకి వెళ్లు. ఉద్యోగం వస్తుందో రాదో తర్వాత చూద్దాం. దానికి చొక్కా నేను కుడతాను, ఇవాళ్టి నీ కొలతలకే. ఛాతీ, నడుము, భుజం, చేతి పొడవు, మెడ, చొక్కా పొడవు రాసి పంపు. నీ అంతట నువ్వు తీసుకుంటే తప్పు వస్తుంది, స్నేహితుడి చేత తీయించు. టేపు పెట్టినప్పుడు పొట్ట లోపలికి పీల్చకు. పీల్చి ఇచ్చిన కొలత నాకు ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత నువ్వు తగ్గితే పక్క కుట్లు లోపలికి తీసుకోవడం చిటికెలో పని. తగ్గకపోయినా, పెరిగినా సరే, లోపల గుడ్డ వదిలే కుడతాను. రంగు నీ ఇష్టం. నలుపు మాత్రం అడక్కు, నీ దగ్గర ఇప్పటికే బీరువా నిండా ఉన్నాయి.

శనివారం లోపు కొలతలు పంపితే టైముకి అందుతుంది. ఆదివారం అమ్మకు ఫోన్ చెయ్యి, ఈ ఉత్తరం సంగతి తనకు తెలియదు.

నాన్న