ఆదాయం పెరిగితే చెప్పాలె సరే, తగ్గితే ఎవలికి చెప్పాలె?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్ల ఒక వార్త వచ్చింది. మన మహారాష్ట్రల అనర్హులు సర్కారు పథకాల పైసలు తింటున్నరు, కుటుంబ ఆదాయం పెరిగినోళ్లు తమంతట తామే వచ్చి చెప్పాలె, లేకుంటే ఇచ్చింది మల్ల వసూలు చేస్తమని సాహెబ్‌లు అన్నరని. అదే రోజు రాద్దామనుకున్న గని పత్తి ఏరే పనుల తీరలేదు, ఇన్ని రోజులైనా కోపం తగ్గలేదు గనక ఇప్పుడు రాస్తున్న.

చెప్పుడు తప్పని నేను అంటలేను. నౌకరీ వచ్చినోడు, కారు కొన్నోడు ఇంక నిరాధార్ (దిక్కులేనోళ్లకిచ్చే పెన్షన్) పైసలు, అంత్యోదయ (నిరుపేదల రేషన్) బియ్యం తీసుకుంటే అది ముమ్మాటికీ తప్పే. మా ఊర్ల కూడ ఉన్నరు అసొంటోళ్లు, ఎవలెవలో అందరికి ఎరుకే, ఏ సాహెబ్ కూడ వాళ్ల ఇంటి దిక్కు పోడు, పోయినా చాయ్ తాగి వస్తడు. కానీ మిగిలినోళ్లను చెప్పుమనే ముందు అసలు హద్దు ఎంత పెట్టిండ్రో ఒక్కసారి చూడుండ్రి.

సంజయ్ గాంధీ నిరాధార్, శ్రావణ్ బాళ్ (ముసలోళ్ల) పెన్షన్ రావాలంటే కుటుంబ ఆదాయం 21,000 లోపల ఉండాలె. నెలకు కాదండి, ఏడాదికి. రోజుకు లెక్కగడితే 58 రూపాయలు కూడ పడది, బస్టాండుల ఒక్కడు నాష్తా చేసి చాయ్ తాగితే అయిపోతది. ఉపాధి హామీ కూలి మన మహారాష్ట్రల 2025-26కు రోజుకు 312 అని సర్కారే పెట్టింది. అంటే ఇంట్ల ఒక్కరు 68 రోజులు మట్టి పనికి పోతే చాలు, ఆ ఇల్లు 21,000 దాటింది, పెన్షన్ కట్. వంద రోజులు పని ఇస్తమన్నది సర్కారే, ఆ వంద రోజులు చేస్తే 31,200 వస్తయి గనక నువ్వు బీదోడివి కాదు పో అనేది కూడ సర్కారే. ఇగ నిజాయితీగ పోయి చెప్పుమంటే ఎవలు చెప్తరు చెప్పుండ్రి?

రేషన్ సంగతి ఇంకో తీరు. ప్రాధాన్య కుటుంబం కార్డుకు పల్లెల 44,000, పట్నంల 59,000, ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు పెట్టిన హద్దు ఇది, అప్పటి ధరలేంది ఇప్పటి ధరలేంది. అదే గోదావరి బ్రిడ్జి దాటి కాళేశ్వరం దిక్కు పోతే తెలంగాణల ఊర్లకు లక్షన్నర, పట్నాలకు రెండు లక్షలు. మా మేనత్త కొడుకు అటు ఉంటడు, మేం ఇటు. అదే పత్తి, అదే మిర్చి, కూలి కూడ ఇంచుమించు అంతే. వాడు లక్ష ఇరవై వేలు వస్తయని చెప్పినా కార్డు ఉంటది, మేం యాభై వేలు అని నిజం చెప్తే పోతది. ఇగ లాడ్కీ బహీణ్‌కు పోతే, అంటే ఆడోళ్లకు నెలనెల పైసలిచ్చే 'ముద్దుల అక్కచెల్లె' పథకానికి, హద్దు ఏడాదికి రెండున్నర లక్షలు. అంటే ఒక్కటే ఇల్లు ఒక కిటికీ కాడ బీద, పక్క కిటికీ కాడ ఉన్నోళ్లు. ఒక కాడ రాసింది ఇంకో కాడికి పోయి ఏది ఊడుతదోనని జనం నోరు మూసుకుంటున్నరు, దాన్ని వీళ్లు దొంగతనం అంటున్నరు.

అసలు మా దిక్కు ఆదాయం అనేది నెల జీతం లెక్క ఉంటదా? ఎండకాలంల తునికాకు కోసుడు కొద్ది రోజులే, ఇల్లంత అడవిలనే ఉంటది, నాలుగు పైసలు కనబడుతయి. మిర్చి ఏరే కాలంల పిల్లాజెల్లను వట్టుకోని తెలంగాణకు పోతరు. వానకాలంల చేతిల ఏముండదు. ఏ నెల చూసి పెరిగిందంటరు, ఏ నెల చూసి తగ్గిందంటరు?

ఉత్పన్న దాఖలా, అంటే ఆదాయం సర్టిఫికెట్, దాని తమాషా అయితే చెప్పొద్దు. మాది నా ముందట్నే ఉంది, చూసుకుంటనే రాస్తున్న. మూడేండ్ల లెక్క, 40,000, 42,000, 44,000, మెట్లెక్కినట్టు వరుసగ. అండ్ల ఆఖరు మెట్టు 2022-23. ఆ ఏడాది జులైల గోదావరి వరద ఎట్ల వచ్చిందో సిరొంచ తాలూకాల ఎవల్ని అడిగినా చెప్తరు, మా చేను నీళ్లల్ల మునిగి ఒక్క కాయ చేతికి రాలేదు. అయినా కాగితం మీద మాకు రెండు వేలు పెరిగినయి! ఇదేంది సాహెబ్ అని అడిగితే "తక్కువ రాస్తే పై నుంచి అడుగుతరు, నీకేం నష్టం, హద్దుల్నే ఉంది కదా" అన్నడు. అబద్ధం రాసింది వాళ్లు, కింద స్వయం ఘోషణ (నేనే చెప్తున్న) అని సంతకం మాది. రేపు వసూలు కూడ మా కాన్నుంచేనట.

మా వాడకట్టుల ఒక విధవ వదినె ఉన్నది, నిరాధార్ మీదనే బతుకు. కొడుకు చెన్నూర్ దిక్కు హమాలీ పనికి కుదిరిండని ఎవలో రాసిచ్చిండ్రు, పెన్షన్ ఆగింది. సరే, ఆదాయం పెరిగింది గదా అనుకుందాం. ఆ పిల్లగాడు నడుము పట్టి కొన్ని నెలలకే ఇంటికొచ్చి మంచంల పడ్డడు. పెరిగిందని రాసుకునుడు ఒక్క తెల్లకాగితంతోని అయింది, తగ్గింది రాసుకోండ్రి అంటే మాత్రం కొత్త అర్జీ, కొత్త దాఖలా, సేతు కేంద్రంల (సర్కారు కాగితాలు చేసిచ్చే సెంటర్) పైసలు, ఆ మీద తాలూకా కమిటీ మీటింగ్ ఎప్పుడు పెడితే అప్పుడు. అర్జీ ఏమో మరాఠీల, ఆమెకు తెలుగే సక్కగ రాయరాదు. మొన్న నేనే కూసుండి నింపిన, అండ్ల "ఆదాయం తగ్గింది" అని రాయనీకి ఒక్క గడి లేదు.

ఇగ లాడ్కీ బహీణ్ మంజూర్లు ఎట్ల జరిగినయో అందరం చూసినం. 2024 జులై నుంచి నెలకు 1,500, నవంబర్‌ల ఎలక్షన్లు. ఓట్ల ముందట ఎవల ఆదాయం ఎవలు అడగలే, ఫారం ఇచ్చినోళ్లల్ల చానామంది పాస్. ఓట్లు అయినంక 2025 జూన్ నుంచి 26 లక్షల పైచిలుకు మందికి ఆపిండ్రు, అప్పుడు బయట పడ్డది మగోళ్లే 14 వేల పైన పైసలు తీసుకున్నరని, సర్కారు నౌకరీ చేసేటోళ్లు కూడ ఉన్నరని. మగోడికి బహీణ్ అని మంజూరు చేసిన సాహెబ్ ఎవలో, ఆయన జీతంల నుంచి ఎంత వసూలు చేసిండ్రో మీ పేపర్ల నాకైతే కనబడలే. ఓట్లప్పుడు 1,500ను పెంచి ఇస్తమన్న 2,100 ముచ్చట ఎవలూ ఎత్తరు. పైకెంచి ఈ-కేవైసీ, ఆడామెదే గాక మొగనిదో తండ్రిదో ఆధార్, దానికి ఓటీపీ. మా ఊర్ల టవర్ గాలి వీస్తే పోతది, ఓటీపీ కోసం చెరువు కట్ట మీద ఫోన్లు పైకి లేపి నిలబడ్డ ఆడోళ్లను చూస్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వది.

జిల్లా ఆఫీసు మాకు రెండు వందల కిలోమీటర్ల పైమాట, ఆ రోడ్డు గురించి రాస్తే ఇంకో ఉత్తరమైతది. గడ్చిరోలికి బదిలీ అంటేనే శిక్ష అనుకునే ఆఫీసర్లు మా గోడు వింటరని నాకేం ఆశ లేదు.

అయినా ఒకటి అడుగుత. పెరిగింది చెప్పుమన్నోళ్లు తగ్గింది కూడ అదే కిటికీ కాడ, అదే తెల్లకాగితం మీద తీసుకోవాలె. 21,000 హద్దును కనీసం సర్కారు తాను ఇచ్చే వంద రోజుల కూలికన్న పైన పెట్టాలె, 44,000 హద్దును కూడ పెంచాలె. మీరు కూడ సాహెబ్ చెప్పింది చెప్పినట్టు అచ్చేసుడు కాకుండ, ఈసారి ప్రెస్ మీట్‌ల ఆయన్నే అడుగుండ్రి, రోజుకు 58 రూపాయలల్ల ఇల్లు ఎట్ల నడుపాల్నో. ఆయన ఏమన్నడో కూడ పేపర్ల వెయ్యుండ్రి.

– ఒక పాఠకుడు, గడ్చిరోలి జిల్లా
(పేరు వెయ్యొద్దు, మాకు దాఖలా మల్ల కావాలె)