తప్పెవరిదో తేలాకే వైద్యమా?

సంపాదకుడు గారికి,

నమస్కారం.

తాగి లివర్ పాడుచేసుకున్నవాడికి, సిగరెట్లు కాల్చి గుండె మీదకు తెచ్చుకున్నవాడికి మన పన్నుల డబ్బుతో వైద్యం ఎందుకని మొన్న మీ పత్రికలో ఒక పాఠకుడు అడిగారు. చదివితే నాకు కోపం రాలేదు. ఆరేళ్ల కిందటి దాకా నేనూ ఇదే మాట అనేవాణ్ణి. అదీ మా ఇంట్లోనే, మా తమ్ముడు వింటుండగా.

వాడు లారీ డ్రైవరు. పదిహేనేళ్లు తాగాడు. తెల్లకార్డు లేదని ఏటా ప్రైవేటు ఇన్సూరెన్సు కట్టేవాడు. ఒక రాత్రి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఆస్పత్రిలో చేర్చాం. పాంక్రియాస్ వాచిందన్నారు. డ్యూటీ డాక్టరు అలవాట్లు అడిగితే మా మరదలు దాచకుండా చెప్పింది, కేస్ షీట్‌లో రాసుకున్నారు. డిశ్చార్జి రోజున క్లెయిమ్ కుదరదన్నారు. మద్యం వల్ల వచ్చిన జబ్బుకు డబ్బు ఇవ్వబోమన్న షరతు పాలసీలోనే ఉంది, మన దేశంలో ఆరోగ్య బీమాలో మామూలుగా ఉండే షరతే అది. కాబట్టి కంపెనీని నేనేమీ అనను. కానీ తాగింది వాడైతే పోయింది మరదలి మెడలో గొలుసు, ఇంటర్ చదివే పిల్ల కాలేజీ ఫీజు.

అంతటితో అయిపోలేదు. ఆ సంగతి తెలిశాక మా వీధిలో ఎవరు ఆస్పత్రికి బయల్దేరినా “అలవాట్లు మాత్రం చెప్పకండి” అని సలహా ఇవ్వడం మొదలైంది. రోజూ తాగేవాడు ఆస్పత్రి మంచం మీద ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. అది డాక్టరుకు ముందే తెలియాలి. నిజం చెబితే వైద్యం పోతుందంటే ఎవరు చెబుతారు?

ఆ పాఠకుడు “మన పన్నులు” అన్నారు. 2024 అక్టోబరులో మన రాష్ట్రంలో 3,396 మద్యం షాపులకు లాటరీ తీశారు. దరఖాస్తుకు 2 లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు. 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. ఆ క్వార్టర్ కొన్నవాడు కట్టింది పన్ను కాదా? అమ్మేటప్పుడు వాడు ఖజానాకు ఆదాయం, ఆస్పత్రికి వచ్చేసరికి భారమా?

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. తాగుబోతు మొగుళ్ల మీద వాళ్లకంటే ఎక్కువ కోపం ఇంకెవరికుంటుంది? అయినా మొగుళ్లకు వైద్యం ఆపమని అడగలేదు, సారా వేలంపాటలు ఆపమన్నారు. 1993లో సారా పోయింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో అదీ ఎత్తేశారు.

ఇక తప్పు ఎవరిదో తేల్చేదెవరు? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అంతమంది కిడ్నీలు పాడవుతుంటే నీళ్లు సరిగా తాగరనీ, నొప్పి మాత్రలు మింగుతారనీ రోగులనే అన్నవాళ్లున్నారు. ఏళ్లుగా పరిశోధిస్తున్నా కారణం ఇదీ అని గట్టిగా తేలలేదు. నా సంగతే చూడండి. మందు, సిగరెట్ ముట్టను. షుగర్ మాత్రం ఉంది. రోజూ నడవమని డాక్టరు పదేళ్లుగా చెబుతున్నాడు, నడిచిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నెల్లూరు వెళ్తే మలై కాజా తినకుండా రాను. అయినా పింఛనుదారుల హెల్త్ కార్డు తీసుకెళ్తే నన్నెవరూ ఏమీ అడగరు. స్వీటు తిన్న మాస్టారు పెద్దమనిషి, మందు తాగిన డ్రైవరు దోషి!

ఒక్క లివర్ మార్పిడి విషయంలో ఆ పాఠకుడి మాట కొంత ఒప్పుకుంటాను. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఎదురుచూసేవాళ్లు ఎక్కువ, దొరికే లివర్లు తక్కువ. అందుకే తాగుడు మానాలంటారు, చాలాచోట్ల ఆరు నెలలు మానేసి చూపించమంటారు. పెట్టిన లివర్ మళ్లీ పాడవకుండా చూసుకోవడానికే ఇది. పైగా మానేశాక కొందరి లివర్ కోలుకుని మార్పిడి అవసరమే తప్పుతుంది. దీన్ని శిక్షగా చూడలేను.

మా తమ్ముడు మానేశాడు, రెండేళ్లకు మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ మానాడు. ఇప్పటికి పద్నాలుగు నెలలు. మందు షాపు మా ఇంటికి నడిచివెళ్లే దూరంలో ఉంది. మాన్పించే డాక్టరు కోసం మాత్రం వాణ్ణి బస్సెక్కించి నెల్లూరు తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ పాఠకుడు పన్నుల గురించి మళ్లీ రాస్తే, మద్యం రాబడిలో ఎంత డీ-అడిక్షన్ కేంద్రాలకు వెళ్తోందో కూడా ప్రభుత్వాన్ని అడగమని నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కావలి