అగ్గిపుల్లతో తేలే సంగతి కాదు

సంపాదకులకు,

ఇళ్లలో అగ్నిప్రమాదాల గురించి మీరు వేసిన కథనంలో ‘ఎఫ్.ఆర్. వైరు కాలదు’ అని రాశారు. ఎఫ్.ఆర్. అంటే ‘ఫ్లేమ్ రిటార్డెంట్’, మంటను నిదానింపజేసేది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, ఉద్యోగం దొరక్క కావలిలో వైరింగ్ పనిలో స్థిరపడినవాణ్ణి. ఆ మాట మింగుడుపడలేదు.

దుకాణంలో వైరు ముక్కకు అగ్గిపుల్ల అంటించి చూపిస్తారు. పుల్ల తీయగానే మంట ఆరుతుంది, బేరం కుదురుతుంది. ఆరడం నిజమే, కానీ ఎలా ఆరింది? వైరు తొడుగు పీవీసీ అనే ప్లాస్టిక్. దాని మూలపదార్థమైన రెజిన్ బరువులో సగానికి పైగా క్లోరినే. 200 డిగ్రీలు దాటి వేడెక్కితే అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా ఊడివచ్చి మంటను అణుస్తుంది. ఆంటిమనీ ట్రయాక్సైడ్ అనే పొడి కలిపితే ఇంకా గట్టిగా అణుస్తుంది. ప్లాస్టిక్ విచ్ఛిన్నం మాత్రం ఆగదు.

పోయిన ఏడాది మా పక్కవీధిలో ఒక ఇంటి మీటరు బోర్డు మాడింది. మంట జానెడు కూడా పాకలేదు. నాలుగు రోజుల తర్వాత వెళ్లి చూస్తే, సెగ కూడా తగలని పక్క స్విచ్ పెట్టెలో మరలన్నీ తుప్పు పట్టాయి, రాగి తీగ కొసలు ఆకుపచ్చగా మారాయి. “మంట ఆరిపోయింది కదన్నా, ఈ ఘాటు ఎందుకు పోవడం లేదు?” అని ఆ ఇంటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అడిగింది. ఆ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు గాలిలోని తేమతో కలిస్తే ఆమ్లమే మరి.

క్లోరిన్ లేని వైర్లలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడి కలుపుతారు. ప్లాస్టిక్ కంటే ముందే అది విడిపోయి, తన బరువులో మూడోవంతు నీటిని ఆవిరిగా వదిలి వేడిని లాగేస్తుంది. పొగ తక్కువ. తొడుగు బరువులో సగానికి పైగా పొడే పట్టేస్తుంది కాబట్టి చౌకగా రాదు. కొన్ని ప్లాస్టిక్కులలో వాడే భాస్వరం మందులు ఇంకా చిత్రం: అవి ముందే విడిపోయి పైన బొగ్గు పొర కట్టించి, లోపలిదాన్ని కాపాడతాయి.

ఇవేవీ వైరు మోసే కరెంటును పెంచవు. మామూలు పీవీసీ వైరులో తీగ వేడి 70 డిగ్రీలు దాటకూడదు. ‘ఎఫ్.ఆర్.’ అచ్చు చూపించి, లైట్లకు వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు మీదే ఏసీ బిగించమనేవాళ్లు నాకు నెలకు ఇద్దరైనా తగులుతారు. ఇప్పుడు మీ పత్రిక కత్తిరింపు కూడా తెస్తున్నారు. ‘కాలదు’ అన్నచోట ‘మంట త్వరగా పాకదు’ అని సవరణ వేయించగలరు.

— ఒక వైరింగ్ మేస్త్రి, కావలి, నెల్లూరు జిల్లా