పాత యానిమే ధారావాహికలకూ తెలుగు గొంతు కావాలి

సంపాదకులకు నమస్కారం.

యానిమే, అంటే జపాన్‌లో తయారయ్యే యానిమేషన్ కథల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఈ విషయానికి ఒక తెలుగు పత్రిక అంత చోటు కేటాయించినందుకు సంతోషించాను. అయితే అందులోని ఒక అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. 2000కు ముందు వచ్చిన ధారావాహికలు నత్తనడక నడుస్తాయనీ, వాటిలో బొమ్మలు నాసిరకంగా ఉంటాయనీ, ఈ తరం పిల్లలు వాటి జోలికి పోరు కాబట్టి కొత్తవాటిని తెలుగులోకి తెస్తే సరిపోతుందనీ వ్యాసకర్త రాశారు. ముప్పయ్యేళ్లుగా ఈ పాత ధారావాహికలను చూస్తూ, మళ్లీ మళ్లీ వాటి దగ్గరికే వెళ్తున్న ప్రేక్షకురాలిగా నా అభిప్రాయాన్ని మీ పాఠకుల ముందు ఉంచదలిచాను.

మా తరానికి యానిమే అన్న మాట తెలియకముందే యానిమే తెలుసు. 1990ల తొలినాళ్లలో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో మోగ్లీ కథ వస్తుంటే, హిందీ సగం అర్థమై సగం అర్థం కాకపోయినా, గుల్జార్ రాసి విశాల్ భరద్వాజ్ బాణీ కట్టిన ఆ పాటను ఊళ్లో పిల్లలందరం పాడుకునేవాళ్లం. అది నిప్పాన్ యానిమేషన్ అనే జపాన్ సంస్థ 1989లో మొదలుపెట్టిన 52 భాగాల ధారావాహిక అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అది తెలిశాక ఆ సంస్థ తీసినవీ, ఆ మనుషులు అంతకుముందు తీసినవీ వెతుక్కుంటూ వెనక్కి వెళ్లాను.

అలా వెళ్తే మొదట దొరికింది 1974 నాటి 'హైడీ', స్విట్జర్లాండ్ కొండల్లో తాతయ్య దగ్గరికి చేరిన అనాథ పిల్ల కథ. ఇసావో తకహతా దర్శకుడు. 52 భాగాలకూ దృశ్యాల కూర్పు గీసింది హయావో మియజాకీ. చిత్రీకరణకు ముందే ఈ బృందం స్విట్జర్లాండ్ వెళ్లి, అక్కడి కొండలనూ ఇళ్లనూ పరిశీలించి వచ్చింది. ఆ శ్రమ తెరమీద కనిపిస్తుంది. మొదటి భాగంలో అయిదేళ్ల హైడీ, తన మీద వేసిన బట్టలన్నీ ఒకటొకటిగా విప్పి పారేస్తూ కొండ ఎక్కుతుంది. తాతయ్య నిప్పు సెగకు జున్నును కరిగించి రొట్టె మీద వేసి ఇస్తాడు. కథ అంటూ అక్కడ ఏమీ జరగదు. కానీ ఆ పిల్ల ఇక ఈ ఇంటి మనిషి అయిపోయిందని మనకు తెలిసిపోతుంది. వ్యాసకర్త నెమ్మది అన్నది దీన్నే అయితే, ఆ నెమ్మదే ఈ ధారావాహిక బలం. కొండ మీది రోజులను అంత తీరికగా చూపించారు కాబట్టే, తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఆ పిల్ల కొండలు కనిపిస్తాయేమోనని చర్చి గోపురం ఎక్కి, నాలుగు వైపులా ఇంటి కప్పులే కనిపించి నిలబడిపోయినప్పుడు, చూసేవారికి గుండె పట్టేసినట్టవుతుంది. హాస్టల్‌కు పంపిన పిల్లలను తలుచుకునే తల్లిదండ్రులు మన రాష్ట్రాల్లో ఎందరున్నారో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ భాగాలను వారు తెలుగులో చూడాలని నా కోరిక.

మియజాకీ స్వయంగా దర్శకత్వం వహించిన తొలి ధారావాహిక 'భవిష్యత్ బాలుడు కోనన్' 1978లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేలో వచ్చింది. 26 భాగాలే. యుద్ధంలో ఖండాలు మునిగిపోయాక మిగిలిన మనుషుల కథ ఇది. పరుగులు, దూకుళ్లు, నవ్వులు పుష్కలంగా ఉన్న ఈ ధారావాహికను పిల్లలు చూడరని ఎవరైనా అంటే, పదేళ్ల పిల్లలిద్దరిని కూర్చోబెట్టి మొదటి రెండు భాగాలు చూపించమని మాత్రం అడుగుతాను. నాకు అన్నిటికంటే నచ్చిన పాత్ర కోనన్ కాదు, అతన్ని వెంటాడే మోన్‌స్లీ. శత్రువుగా పరిచయమైన ఆమె, తన చిన్ననాటి కుక్కపిల్లనూ ఆ ప్రళయం రోజునూ గుర్తుచేసుకుని మారడం మొదలుపెట్టే తీరును చూస్తే, దుష్టపాత్రను చంపకుండానే కథను గెలిపించవచ్చని అర్థమవుతుంది.

బొమ్మ నాణ్యత గురించి వ్యాసకర్త చెప్పినదానిలో కొంత నిజముంది. దానికి సరైన ఉదాహరణ 1979లో మొదలైన 'మొబైల్ సూట్ గుండం', మనుషులు లోపల కూర్చుని నడిపే భారీ మరయంత్రాల యుద్ధకథ. వాడిన బొమ్మలనే మళ్లీ వాడారు, కొన్ని భాగాల్లో ముఖాలు అంతకుముందు చూసిన ముఖాల్లా ఉండవు, పాత్రల రూపకర్త యొషికాజు యసుహికో చివరి దశలో జబ్బుపడి ఆసుపత్రిలో చేరారు. ప్రేక్షకాదరణ లేక, 52 భాగాలుగా అనుకున్నదాన్ని 43కే ముగించారు. ఆ తర్వాత పునఃప్రసారాలు, ప్లాస్టిక్ నమూనా బొమ్మలు, మూడు సంకలన చిత్రాలు దాన్ని జపాన్‌లో ఇంటింటి పేరుగా మార్చాయి. ఇన్ని లోపాలున్నా ఈ ధారావాహికను నేను నెత్తిన పెట్టుకునేందుకు కారణం పదమూడో భాగం. అలాంటి మరయంత్రాన్ని నడపడానికి అనుకోకుండా దిగిన అమురో అనే కుర్రవాడు ఎన్నాళ్లకో తల్లిని కలుసుకుంటాడు. ఆమె కళ్లముందే శత్రుసైనికుడి మీద తుపాకీ పేలుస్తాడు. బిడ్డ ప్రాణాలతో ఉన్నందుకు సంతోషించవలసిన తల్లి, తన బిడ్డ ఇలా అయిపోయాడేమిటని తల్లడిల్లుతుంది. ఆమెను దాటి అతను తిరిగి యుద్ధంలోకి వెళ్లిపోతాడు. దర్శకుడు యొషియుకి తొమినో ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఆటబొమ్మలు అమ్ముకోవడానికి తలపెట్టిన ఒక కార్యక్రమంలో ఇంతటి దృశ్యం చోటుచేసుకుందంటే, దాన్ని గీతల నాణ్యతతో కొలవడం అన్యాయమని నా నమ్మకం.

అదే ఏడాది వచ్చిన 'వెర్సాయ్ గులాబీ' 40 భాగాల ధారావాహిక. మగపిల్లవాడిలా పెరిగి ఫ్రెంచి రాణికి అంగరక్షకురాలైన ఆస్కార్ కథ ఇది. సగం దారిలో, 19వ భాగం నుంచి, ఒసాము దెజాకీ దర్శకత్వం చేపట్టాక ధారావాహిక రంగే మారింది. ఉద్వేగం పతాకస్థాయికి చేరిన క్షణంలో కదలిక ఆగిపోయి, తెర మొత్తం రంగుసుద్దతో గీసిన నిశ్చల చిత్రమవుతుంది. పొదుపు కోసం పుట్టిన పద్ధతుల నుంచి ఆయన ఒక కళను సృష్టించారు. తొలి భాగాల్లోని అతినాటకీయత నాకు అంతగా రుచించదు. కానీ ఆస్కార్ తన పదవిని వదిలి సామాన్యుల పక్షాన నిలిచే చివరి భాగాల కోసం ఆ మాత్రం ఓపిక పట్టవచ్చు.

1988 నుంచి 1997 వరకు నేరుగా వీడియో రూపంలో విడుదలైన 'లెజెండ్ ఆఫ్ ది గెలాక్టిక్ హీరోస్' 110 భాగాలు. ఇందులో అంతరిక్ష యుద్ధాల కంటే మాటలే ఎక్కువ. సమర్థుడైన నియంత పాలన మేలా, అవినీతిలో కూరుకున్న ప్రజాస్వామ్యం మేలా అన్న ప్రశ్నను తీసుకుని అటూ ఇటూ సమాన బలంతో వాదించిన ధారావాహిక నాకు మరొకటి తెలియదు. స్త్రీ పాత్రలు తక్కువ కావడం దీనిలోని పెద్ద లోటు. మాటలు ఎక్కువైతే మనవారు చూడరన్న వాదనను మాత్రం ఒప్పుకోను. కృష్ణరాయబారం పద్యాలను తెల్లవార్లూ మేలుకుని విని, నచ్చిన పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన ప్రేక్షకులం మనం.

1995 నాటి 'ఎవాంజెలియన్' గురించి ఇప్పటికే ఎందరో రాశారు. అది గొప్పదే, కానీ పిల్లలకు చూపవలసింది కాదు. యానిమేను మొత్తంగా పిల్లల విభాగంలో పడేయడం వల్ల వచ్చే నష్టం ఇలాంటి చోటే కనిపిస్తుంది. పెద్దలకు తగినది పిల్లల చేతికి అందుతుంది. పెద్దలేమో అది తమది కాదనుకుంటారు.

నేను వీటన్నిటినీ తెర కింద వచ్చే ఇంగ్లీషు ఉపశీర్షికలు చదువుకుంటూనే చూశాను. తెలుగు మాత్రమే చదివే మా అత్తగారు పక్కన కూర్చున్నప్పుడు ఒక్కొక్క మాటా ఆపి చెప్పవలసి వచ్చింది. అప్పుడే ఒక సంగతి గమనించాను. ఇంగ్లీషులో పోయినది తెలుగులో తిరిగి వస్తుంది. నువ్వు, మీరు అన్న తేడా జపాన్ సంభాషణలో అడుగడుగునా ఉంటుంది. ఇంగ్లీషులో అది చదునైపోతుంది. 'హైడీ'లో ఫ్రాంక్‌ఫర్ట్ ఇంటి నౌకరు సెబాస్టియన్ ఆ ఇంటి అమ్మాయి క్లారాను పిలిచే పిలుపును 'అమ్మాయిగారూ' అని చెప్పగానే మా అత్తగారికి ఆ ఇంటి వరుసలన్నీ తెలిసిపోయాయి. పైగా జపాన్ వాక్యం కూడా మన వాక్యం లాగే క్రియతో ముగుస్తుంది. పాత్ర ఆగి ఆగి చివరి మాట పలికే చోట, తెలుగులోనూ ఆ మాటను చివరనే ఉంచవచ్చు. ఇంగ్లీషు ప్రతిని పట్టుకుని కాక జపాన్ మూలం నుంచే అనువదిస్తే ఈ సౌలభ్యమంతా మన చేతికొస్తుంది.

పాతవాటికి ఆదరణ ఉండదన్న భయానికి కూడా మన ముందే సమాధానం ఉంది. యుగో సకో పూనికతో 1992లో పూర్తయిన రామాయణ యానిమే చిత్రం 2025 జనవరిలో తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది. మా పిల్లలు దాని వయసు అడగనే లేదు. హనుమంతుడు సముద్రం దాటుతుంటే కుర్చీ అంచున కూర్చుని చూశారు.

డోరేమాన్‌నూ షిన్‌చాన్‌నూ తెలుగు పిల్లలకు ఇంటి మనుషులను చేసిన చానళ్లకు, కొత్త యానిమేను తెలుగులో అందిస్తున్న ఓటీటీ సంస్థలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది: ఏడాదికి ఒక్క పాత ధారావాహికనైనా తెలుగు మాటలతో, కుదరకపోతే తెలుగు ఉపశీర్షికలతోనైనా ఇవ్వండి. ఏ వయసువారికి తగినదో స్పష్టంగా తెలియజేయండి. మొదట 'హైడీ'తో ప్రారంభిస్తే మా ఇంట్లో మూడు తరాలవాళ్లం కలిసి కూర్చుని చూస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం